జెర్రీ కార్తీక సోమవారాలు

జెర్రీ పోయాక మా ఇంట్లో మొదట చెడిపోయింది కుళాయి. నిజం చెప్పాలంటే కుళాయి బాగానే ఉంది. ఎప్పటిలాగే తన ఇష్టం వచ్చినప్పుడు వస్తోంది. ఆ ఇష్టం ఎప్పుడో ముందుగా తెలిసినవాడు లేకుండా పోయాడు, అంతే.

ఈ బెంగాలీ ఊళ్ళో మా నిమ్‌పురా రైల్వే క్వార్టర్లకు నీళ్ళు వదిలే మనిషి వేళాపాళా పెట్టుకున్నవాడు కాడు. పొడుగాటి ఇనపతాళం సైకిలుకి అడ్డంగా కట్టుకుని ఎప్పుడో వస్తాడు, వీధి చివర వాల్వు తిప్పుతాడు, పోతాడు. మా పెరట్లో కుళాయి ఒకసారి దగ్గుతుంది. ఆ దగ్గు విని బకెట్టుతో పరిగెత్తేలోపు మిగతా ఇళ్ళవాళ్ళు మోటార్లు వేసి లాగేసుకుంటారు. జెర్రీ ఉన్నన్నాళ్ళూ నాకు ఈ పరుగు లేదు. నడవాలో గుర్రుపెట్టి నిద్రపోతున్నవాడల్లా ఒక చెవి నిలబెట్టేవాడు. రెండో చెవి నిలబడేది కాదు, మడతపడే పుట్టింది. లేచి, ఒళ్ళు విరుచుకుని, పెరట్లోకి వెళ్ళి కుళాయి పక్కన కూర్చునేవాడు. నేను తాపీగా బకెట్టు తెచ్చి పెట్టేదాన్ని. అప్పుడు దగ్గేది కుళాయి.

నేను జువాలజీలో డిగ్రీ చేశాను. మన చెవికి అందని చప్పుళ్ళు కుక్క చెవికి అందుతాయనీ, వాడు విన్నది నీళ్ళను కాదు, ఎక్కడో వస్తున్న సైకిలు గొలుసుననీ నాకు తెలుసు. తెలిసి ఏం లాభం? ప్రతిసారీ నోరు తెరుచుకునే చూసేదాన్ని.

ఇప్పుడు ఆ చెవీ లేదు, నీళ్ళూ లేవు. సింకు మూసుకుపోయింది. వంటింటి కప్పులోంచి చెమ్మ దిగుతోంది. కంప్లయింటు ఇస్తే ఒకాయన వచ్చి, తలెత్తి చూసి, "హా, లీకేజ్ హై" అని నిర్ధారించి, టీ తాగి వెళ్ళాడు. వంటగట్టు మీద బొద్దింకలు పగలే షికారు చేస్తున్నాయి. మందు కొడదామంటే మా అత్త జోగమ్మ ఒప్పుకోదు. "పోనీలే, పేణమున్న జీవి" అంటుంది. ఈ జీవకారుణ్యం ఆవిడకు ఇదివరకు లేదు. చెప్పుతో గురి చూసి కొట్టడంలో ఒకప్పుడు ఈ వీధిలో ఆవిడకు సాటి ఎవరూ ఉండేవారు కాదు.

మాడిన రొట్టెలూ అడుగంటిన అన్నమూ తినిపెట్టి, నా వంటకు సాక్ష్యం మిగలకుండా చేసినవాడూ జెర్రీయే. ఇప్పుడా సాక్ష్యం మా ఆయన ఉమాశంకర్ కంచంలోకి వస్తోంది. "ఏటే ఇది?" అని అడుగుతున్నాడు. జెర్రీ ఒక్కనాడు అడగలేదు.

ఇవన్నీ ఎలాగో సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది మా అత్త పట్టుకున్న పట్టు.

అది చెప్పాలంటే జెర్రీ వచ్చిన రోజు దగ్గర మొదలుపెట్టాలి. మామగారు నూకయ్య పోయి ఇంకా ఏడాది తిరగలేదు. రైల్వే ఇంజన్ల షెడ్డులో డ్యూటీ దిగిన మా ఆయన వెనకాలే వానలో తడుస్తూ వచ్చాడు, గుప్పెడంత గోధుమరంగు పిల్ల. ఎవర్నీ అడక్కుండా నడవాలోకి నడిచి, మామగారి మంచం కింద ముడుచుకున్నాడు. జెర్రీ అని పేరు పెట్టింది మా ఆయన. అత్త చీపురు పెట్టింది. వాడు కదల్లేదు.

అంతలో కార్తీకం వచ్చింది. మా ఇంట్లో ఆ నెలంతా నీచు లేదు. సోమవారాలైతే సాయంత్రం దాకా పొయ్యే వెలగదు. చుక్క కనబడ్డాకే తిండి. కుక్కకు ఈ నియమాలు లేవు కనక, ఆ మొదటి సోమవారం మధ్యాహ్నం నేను చద్దన్నంలో మజ్జిగ కలిపి వాడి ముందు పెట్టాను. వాసన చూశాడు. నావైపు చూశాడు. మొహం పక్కకు తిప్పుకుని, ముంగాళ్ళ మీద గడ్డం ఆన్చి పడుకున్నాడు. అత్త వచ్చి వాడి పక్కన గొంతుకూర్చుంది. మొహంలో మొహం పెట్టి చాలాసేపు చూసింది. లేచి, చీపురు తీసుకెళ్ళి మూల పెట్టేసింది.

సాయంత్రం అత్త తులసి దగ్గర దీపం వెలిగించి, చుక్కకు దండం పెట్టుకుని, గారె ఒకటి తుంచి విసిరితే వాడు గాల్లోనే అందుకున్నాడు.

"సూసినావేటే?" అత్త నా భుజం పట్టుకుంది. "మీ మావే. మల్లీ ఒచ్చినాడు."

మామగారు కార్తీక సోమవారాలు తప్పని మనిషని నిమ్‌పురాలో పేరు. షెడ్డులో ఎంత బరువు పనున్నా మంచినీళ్ళు ముట్టనంటూ, ఆ రోజు మధ్యాహ్నం ఇంటి వైపే రాకుండా, సరిగ్గా చుక్క వేళకు సైకిలు దిగేవారు. ఇప్పుడీ పిల్లకుక్క కూడా అదే నిష్ఠ పట్టింది. తర్వాతి సోమవారమూ అంతే. ఆ తర్వాతి ఏడాదీ అంతే.

ఆనాటి నుంచి అత్త వాణ్ణి పేరు పెట్టి పిలవలేదు. మొగుడి పేరు నోటితో చెప్పే అలవాటు ఆవిడ కాలం ఆడవాళ్ళకు లేదు. "ఇదిగో" అనేది. "ఇదిగో, ఇన్నారేటి? గుమ్మంలోంచి లెగండి, ఊడవాల." వాడు లేచేవాడు. మామగారు అంత తేలిగ్గా లేచినట్టు నాకు జ్ఞాపకం లేదు.

ఖరిదా బజార్లో కిరాణా కొట్టున్న కన్యకాంబగారు ఉపవాసం చేసే కుక్కను చూడాలని ఓ సోమవారం టోటో రిక్షా ఎక్కి వచ్చారు. అరటిపండు వాడి ముందు పెట్టారు. వాడు మొహం తిప్పుకున్నాడు. ఆవిడ చెంపలు వేసుకున్నారు. నేనూ నా డిగ్రీ ఇద్దరం గోడకు ఆనుకుని నిలబడ్డాం.

మామగారు ఉన్నప్పటి నుంచీ కార్తీకానికి మా అత్త పెట్టిన నియమాలు ఇంకో రెండున్నాయి. సోమవారాలు మధ్యాహ్నం నీళ్ళు వస్తే తనే పట్టాలి. దీపాల పనికి తడిబట్టతో పట్టిన నీళ్ళే పనికొస్తాయట. ఆ వేళ పెరట్లోకి నన్నుగానీ మా ఆయన్నుగానీ అడుగు పెట్టనిచ్చేది కాదు. వారానికి ఒక్కరోజైనా బకెట్టు మొయ్యక్కర్లేదని నేను సంతోషంగా ఒప్పుకున్నాను. రెండోది, ఆ నెలంతా వెనక సందు దాటి దోర్కా పిన్ని ఇంటికి వెళ్ళకూడదు.

దోర్కా పిన్నిది మా పెరటి గోడకు అవతల, సన్నటి సందు దాటితే వచ్చే క్వార్టరు. ఆవిడ భర్త జాకబ్ బాబాయి మామగారితో కలిసి షెడ్డులో పనిచేసినవాడు. ఆయన పోయి చాలా కాలమైంది. కొడుకు రాబిన్ కూడా రైల్వేలోనే చేరాడు కనక ఆవిడ అక్కడే ఉండిపోయింది. మిగతా నెలలన్నీ దోర్కా పిన్ని మా వంటింట్లో కూర్చుని టీ తాగుతుంది, అత్తతో పోట్లాడుతుంది. కార్తీకం వచ్చిందంటే రాకపోకలు బంద్. ఎందుకంటే ఆ ఇంట్లో చేప ఉడుకుతుంది.

ఈ ఏడు శ్రావణంలో జెర్రీ పోయాడు. ముసలితనం, ఇంకేమీ లేదు. మామగారి మంచం కిందే, పొద్దున్న నేను ఊడవడానికి వెళ్ళి "లే నాయనా" అంటే లేవలేదు. జామచెట్టు కింద పెట్టాం. మా ఆయన గొయ్యి తవ్వుతూ మధ్య మధ్యలో పలుగు ఆపి చెమట తుడుచుకున్నాడు, చెమట కళ్ళలోంచే వస్తున్నట్టు. అత్త మాత్రం ఏడవలేదు. ఒకే మొగుడు మళ్ళీ పోతే ఏడవాలో వద్దో తేల్చుకోలేకపోయినట్టుంది. నోరు కట్టేసుకుంది, అంతే. మాటా తగ్గింది, తిండీ తగ్గింది.

అంతలో మళ్ళీ కార్తీకం వచ్చింది.

అత్తకు షుగరు. రైల్వే ఆసుపత్రిలో డాక్టరమ్మ "మాషీమా, ఉపోష్ చోల్బే నా" అని బెంగాలీలో చెప్పింది, చాలదేమోనని "ఉపవాస్ బిల్కుల్ నహీ" అని హిందీలోనూ చెప్పింది. అత్త రెండు భాషల్లోనూ తలూపి, ఇంటికొచ్చి సోమవారం ఉపవాసం ఉంది. సరే, ఒక్క రోజే కదా అని ఊరుకున్నాను. మంగళవారం పొద్దున్న ఇడ్లీ పెడితే పళ్ళెం పక్కకు జరిపింది.

"నిన్నటిది నాది. ఇయాలది ఆయనది."

"ఏ ఆయన?"

"ఎంతమందున్నారే నాకు?"

పోయినవాడు చెయ్యలేడు కనక వాడి వంతు కూడా తనే చేస్తుందట. నెల పొడుగునా, సోమవారం వెనకాలే మంగళవారం. బతిమాలాను. మా ఆయన కసిరాడు. మధ్యాహ్నానికి కుళాయి గట్టు మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయింది. చెయ్యి పట్టుకుంటే మంచుముక్క. పంచదార నీళ్ళు చెంచాతో పోస్తే సగం గొంతులోకి, సగం నా చీర మీదికి వెళ్ళాయి. కాసేపటికి కళ్ళు తెరిచింది.

"అమ్మా, ఇంకోపాలి ఇలగ సేసినావంటే నేను డ్యూటీకి ఎల్లను. ఇంట్లోనే కూకుంటాను" అన్నాడు మా ఆయన.

"కూకో. సింకు బాగుసెయ్యి" అంది అత్త.

డాక్టరమ్మ ఈసారి ఒకే భాషలో, చాలా నెమ్మదిగా చెప్పింది: మళ్ళీ ఇలా పడితే అన్నిసార్లూ లేవరు. ఇంటికి తిరిగొస్తుంటే టోటోలో అత్త నా భుజం మీద తల ఆన్చి, "వొచ్చే మంగలారం ముందు రోజు రాత్రి గెట్టిగా తింటాన్లే" అని నాకు ధైర్యం చెప్పింది.

తర్వాతి సోమవారం గారెలకు మినప్పప్పు నానబెట్టాను. చుక్క చూశాక కాస్త గట్టి తిండి పడితే మర్నాటికి ఊపిరి ఉంటుందని. మిక్సీ ఒక్క మూలుగు మూలిగి, పొగ వదిలి, ప్రాణం వదిలింది. పక్కింటి దీదీ పుట్టింటికి వెళ్ళింది. ఇక రుబ్బురోలంటూ మిగిలింది దోర్కా పిన్ని ఇంట్లో. అత్త నడవాలో వత్తులు చేసుకుంటోంది. "మిక్సీ చూపించుకొస్తానత్తా" అని చెప్పి, పప్పు గిన్నె కొంగు చాటున పెట్టుకుని, చుట్టు తిరిగి వీధి వైపు నుంచి వెళ్ళాను.

"ఓలమ్మో, కార్తీకంలో మా గుమ్మం తొక్కినావా!" దోర్కా పిన్ని బుగ్గలు నొక్కుకుంది. "మీ అత్త సూసిందంటే నీకు ఇంట్లో సోటుండదు, నాకు ఈదిలో సోటుండదు."

"రోలు కావాల పిన్నీ. మిక్సీ పోయింది."

"రోల్లో నీచు రుబ్బన్లే, బయపడకు. ఎనక వసారాలో ఉంది, రా."

వెనక వసారాలో రోలు ముందు కూర్చున్నాను. ఎదురుగా వసారా స్తంభం. స్తంభం మొదట్లో, శుభ్రంగా కడిగి బోర్లించిన నీలం అంచు ఎనామిల్ పళ్ళెం ఒకటి.

"ఇదెవరికి పిన్నీ, ఇక్కడ పెట్టినావు?"

దోర్కా పిన్ని కొంగుతో కళ్ళొత్తుకుంది.

"జెర్రీగాడిది. తియ్యబుద్ది కాలేదే. ఇయాల సోమారం గదా, పొద్దున్నే కడిగి ఎట్టినాను. నాను ఎట్టలేదు, సెయ్యే ఎట్టీసింది."

"సోమవారం ఏటి?"

"మరి కార్తీక సోమారం నాడు కరిదా బజార్లో మన తెలుగోల్లెవులూ సేప కొనరు. మంచి రుయ్యి మిగిలిపోద్ది. ఆ ఏల నా ఇంట్లో పులుసే. ఆడు మజ్జానం అయ్యేతలికి సందులోంచి ఒచ్చి ఈ స్తంబానికి ఆనుకొని కూకునీవోడు. ముల్లు తీసి ఎడితే పల్లెం నాకి నాకి అద్దం సేసీవోడు."

నా చేతిలో పొత్రం ఆగింది. కన్యకాంబగారు చెంపలు వేసుకున్న దృశ్యం కళ్ళముందు నిలబడింది. నవ్వు తన్నుకొచ్చింది. మజ్జిగన్నం చూసి వాడు మొహం ఎందుకు తిప్పుకున్నాడో, అరటిపండు ఎందుకు ముట్టలేదో ఇప్పుడు కదా తెలిసింది! కడుపునిండా చేపల పులుసు తిన్నవాడికి అరటిపండు ఎందుకు?

ఆ నవ్వు నోటిదాకా రాకముందే దోర్కా పిన్ని అంది: "అసలా పల్లెం ఆడిది కాదే. మీ మావది."

"మామగారిదా?"

"మరి! నూకయ్యన్నయ్యదే. కార్తీక సోమారాలు మా ఆయన్తో కలిసి షెడ్డు కాడ్నించి సందులోంచి ఒచ్చీవోడు. ఇక్కడే, ఈ స్తంబానికే ఆనుకొని. 'సెల్లీ, నా పల్లెం యేరే ఉంచు, ఎవులికీ సెప్పకు' అనీవోడు. సెప్పనేదు, ఇదిగో ఇప్పటిదాకా. ఆయన పోయినాక పల్లెం అటకెక్కించీసినాను. మల్లీ కార్తీకం ఒచ్చింది. పులుసు దించి ఇలా ఒచ్చేతలికి ఈ కుక్కపిల్ల కూకునుంది. నాను పిలవనేదు కల్యాణీ, దేవుడి తోడు. అంతవరకు ఆడు మా ఇంటికే రానేదు. ఆ సోటే, ఆ స్తంబమే. నా యేపు సూసినాడు. సూపు కూడా అదే. 'సెల్లీ, యేసీ' అన్నట్టు. నాకు ఒల్లు జలదరించింది. నిచ్చెనేసి పల్లెం దించినాను."

ఉపవాసం చేశాడు కాబట్టి వాడు మామగారే అంది అత్త. వాడు ఉపవాసం చెయ్యలేదని ఇప్పుడు తేలింది. మామగారూ చెయ్యలేదని తేలింది. అయితే వాడు మామగారు కానట్టా, అయినట్టా? చదివిన పుస్తకాలన్నీ మనసులో తిరగేశాను. దీనికి ఏ పేజీలోనూ జవాబు లేదు. వసారాలోకి పడుతున్న ఎండలో ఆ పళ్ళెం మెరుస్తోంది. చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. చేతులకు పిండి ఉంది కనక ఆగాను.

సాయంత్రం మా ఆయనకు చెప్పాను. మొదట నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, మంచం మీద కూర్చుండిపోయాడు.

"అమ్మకి సెప్పకే."

"చెప్పకపోతే రేపు మంగళవారం. మళ్ళీ ఉపవాసం. చేతులారా పంపించుకుంటామా?"

"సెప్తే ఏటి మిగులుతాది దానికి? నాన్నా అబద్దం, జెర్రీ అబద్దం."

నిజం చెబితే ఉపవాసం ఆగుతుంది, మొగుడు పోతాడు. ఈసారి పూర్తిగా పోతాడు. చెప్పకపోతే ఆవిడే పోతుంది. పడుకోబోయే ముందు మా ఆయనతో ఒక్క మాట మాత్రం అన్నాను: "మీరు కార్తీకంలో సోమవారం ఓవర్‌టైం అన్నారంటే ఇకనుంచి చేతులు వాసన చూస్తాను." ఆయన దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు.

మంగళవారం పొద్దున్న అత్త స్నానం చేసి, బొట్టు లేని నుదుట విభూతి పెట్టుకుని, గుమ్మంలో కూర్చుంది. ఉప్మా పెట్టాను. పళ్ళెం పక్కకు జరిగింది. ఇక ఆగలేకపోయాను.

"అత్తా, జెర్రీ ఉపవాసం చెయ్యలేదు."

"తెల్సు."

నేను విన్నది సరిగ్గానే విన్నానా అనుకున్నాను. "దోర్కా పిన్ని ఇంట్లో చేపల పులుసు తినేవాడు."

"తెల్సు."

"మామ కూడా..."

"ఒలే, నాను ఆ మడిసితో కాపరం సేసినాను. సుక్కకి దండమెడతంటే సేతుల్నించి పులుసు వాసన గుప్పుమనీది. సబ్బేసి కడుక్కోడం కూడా రాదు, మల్లీ దొంగతనం ఒకటి."

నేను ఆవిడ పక్కనే కూలబడ్డాను. "మరి ఉపవాసం చూసి గుర్తుపట్టినానన్నావు?"

"ఉపాసం సూసి కాదే, పిచ్చిమొకమా. నువ్వన్నం ఎడితే మొకం తిప్పుకున్నాడు సూడు, మీ మావ సాయంత్రాలు ఇంటికొచ్చి అలాగే తిప్పుకునీవోడు, నాను దగ్గిరికెల్తే. అనుమానమొచ్చి మూతికాడ వాసన సూసినాను. దోర్కా పులుసు." అత్త మొహంలోకి మూడు నెలల తర్వాత వెలుగు వచ్చింది. "అప్పుడు తెల్సింది నాకు, మీ మావేనని. ఈదిలో ఉపాసం సేసే కుక్కని సెప్పినాను. మొగుడి పరువు నానే తియ్యాలేటి?"

జువాలజీ చదివిన నేను పన్నెండు నెలలూ పక్కనే ఉండి కనిపెట్టలేనిదాన్ని ఈ మనిషి ఒక్క వాసనతో కనిపెట్టి, ఇన్నేళ్ళు నోట్లో దాచుకుంది. ఆవిడ ముందు నేను నిజంగా చిన్నపిల్లనైపోయాను.

"తెలిసీ ఎందుకత్తా మరి ఈ ఉపవాసాలు? ప్రాణం మీదికి తెచ్చుకుంటూ?"

అత్త వంటింటి వైపు ఒకసారి చూసింది.

"ఉపాసమని సెప్పి సేపలు తిన్నోడు కుక్కయి పుడతాడని మాయమ్మ అనీది. పుట్టినాడు. బాగానే ఉంది. మరి కుక్కయి పుట్టి కూడా అదే పని సేసినాడు గదే! ఈపాలి ఏటయి పుడతాడు? పిల్లా? ఎలకా? నువ్వు బొద్దింక మీద సెప్పెత్తినప్పుడల్లా నా గుండి గుబేలుమంతంది."

నవ్వాలో ఏడవాలో తెలియని చోటికి వచ్చేశాను. బొద్దింకల మీద ఆవిడకు పుట్టిన దయ ఇదన్నమాట.

"ఆల్లు ఎగ్గొట్టినవి నాను తీర్సేస్తే మడిసి పుటకొస్తాదేమోనని. ఇంకెవులు సేస్తారు ఆయనకి?" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జెర్రీ పోయాక మొదటిసారి.

ఊరికే చూస్తూ కూర్చోవడం నాకు చేతకాలేదు.

"అత్తా, వాళ్ళు కూర్చున్న చోటు చూస్తావా?"

"కార్తీకంలోనా?"

"ఇంట్లోకి వెళ్ళొద్దు. వసారా దాకానే. నేను చెయ్యి పట్టుకుంటాను."

ఆవిడ కాదనకపోవడం చూస్తే ఆ మాట కోసమే ఎన్నాళ్ళ నుంచో కూర్చున్నట్టుంది. పెరటి తలుపు తీసుకుని, సందు దాటి, మెల్లగా వెళ్ళాం. దోర్కా పిన్ని బియ్యం ఏరుతోంది. మమ్మల్ని చూసి చేట చేతిలోంచి జారింది.

"ఒదినా!"

"నీ ఇంటికి రానేదు. స్తంబం కాడికొచ్చినాను."

అత్త స్తంభం దగ్గర చతికిలబడి, వీపు ఆన్చింది. పళ్ళెం తీసి ఒడిలో పెట్టుకుంది. ఎదురుగా మా బాత్‌రూం గోడకూ జామచెట్టుకూ మధ్యనున్న సందులోంచి మా పెరట్లో కుళాయి కనబడుతోంది.

"ఇలగే కూకునీవోరా?" అంది.

"ఇలగే ఒదినా. అటే సూస్తా. నువ్వు కులాయి కాడికొస్తే సాలు, అన్నయ్య ముద్ద నోట్లో ఎట్టుకొని బిగుసుకుపోయీవోడు. నమిలీవోడు కాదు. నువ్వు లోనికెల్లీదాకా బుగ్గ అలాగే ఉబ్బిపోయుండీది. మా ఆయన నవ్వలేక సచ్చీవోడు."

"మరి రెండో ఆయన?"

"జెర్రీగాడా? ఆడూ అంతే. ముద్ద నోట్లో, తోక కాల్ల మద్దిన. నువ్వు బకెట్టెత్తుకొని ఎల్లిపోయినాక అప్పుడు గుటక. ఇద్దర్లో ఒక్కడు ఒక్కనాడు కుదురుగా తిన్లేదు ఒదినా. నా పులుసు రుసి ఆల్లకి తెలీదనుకుంటాను నాను."

అత్త పళ్ళెం అంచు వేలితో నిమిరింది. తర్వాత నావైపు తిరిగింది.

"ఒలే, నువ్వు సదుంకున్నదానివి. అంత బయపడతా తిన్న కూడు ఒంటికి పడతాదేటి?"

"పడదు" అన్నాను వెంటనే. "జువాలజీలో కూడా పడదు."

"అయితే తిన్నట్టు కాదు."

"ఎందుకవుతుంది?"

"సగం ఉపాసం."

"ముప్పావు అనుకో అత్తా."

"అంత నేదు. సగమే." అత్త కాస్త ఆలోచించింది. "మిగతా సగం... నా సోమారాలున్నాయి గదా, ఇన్నేల్లవి. అందులోంచి ఇచ్చీసినాను పో. సరిపోద్ది." ఆ మాటతో ఒళ్ళంతా వదులై, స్తంభానికి ఇంకాస్త ఆనుకుంది. "దోర్కా, అరటిపండుందేటి? నీ గిన్నిలో ఏటీ తిన్ను. పండుకి తొక్కుంటాది."

షుగరు మనిషికి అరటిపండు మంచిది కాదని అనబోయి, నా నోరు నేనే మూసుకున్నాను. దోర్కా పిన్ని పరిగెత్తి హస్తం హస్తమే తెచ్చింది.

అత్త తొక్క వొలుస్తూ, ఎంత మామూలుగా అడగాలో అంత మామూలుగా అడిగింది: "ఏటేస్తావే ఆ పులుసులో?"

"ఏటేస్తాను ఒదినా? సింతపండు కొంచెం. మామిడి ఒరుగు ఎక్కువ."

"ఒరుగా? అంతేనా!" అత్త చేతిలో పండు ఆగిపోయింది. "ఆ ముక్క ముందే సెప్పొచ్చు గదే! నా ఇంట్లోనే ఏసుందును."

"నువ్వు అడిగినావా? అడిగితే ఎందుకడిగినావో సెప్పాల గదా!"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని పగలబడి నవ్వారు. ఉన్నట్టుండి అత్త నవ్వు ఆపి, తల కాస్త పక్కకు వంచింది.

"నీల్లొదుల్తన్నాడు. బేగెల్లే."

నాకేమీ వినబడలేదు. అయినా పరిగెత్తాను. సందు దాటి, పెరట్లోకి వచ్చి, బకెట్టు తెచ్చి కుళాయి కింద పెట్టాను. అప్పుడు దగ్గింది కుళాయి.

నీళ్ళు నిండుతుంటే తలెత్తి చూశాను. గోడకూ జామచెట్టుకూ మధ్య సందులోంచి దోర్కా పిన్ని వసారా, స్తంభం, స్తంభానికి ఆనుకున్న మనిషి, ఎవరో దించిన పటంలా కనబడుతున్నాయి. కుళాయి దగ్గర సరిగ్గా ఈ గట్టు మీద నిలబడితేనే కనబడతాయి, ఒక అడుగు ఇటూ అటూ జరిగితే కనబడవు. కార్తీక సోమవారాలు మధ్యాహ్నం ఇక్కడ నిలబడింది ఆవిడ ఒక్కతే. నన్ను రానివ్వలేదు. కొడుకును రానివ్వలేదు. తడిబట్ట నియమం ఎందుకు పుట్టిందో అప్పుడు తెలిసింది. బకెట్టు నిండి పొర్లిపోతున్నా నా చెయ్యి కుళాయి మీదికి వెళ్ళలేదు.

అవతల అత్త రెండో పండు సగం నోట్లో పెట్టుకుంది. నేను చూస్తున్నానని చూసింది. నమలడం ఆపేసింది. మెల్లగా, మొహం పక్కకు తిప్పుకుంది. ఆ తిప్పుకోవడం నాకు బాగా తెలుసు. బుగ్గ ఉబ్బి అలాగే ఉంది.

నేను గబగబా బకెట్టు ఎత్తుకుని లోపలికి వచ్చేశాను. ఆవిడ నమలాలి కదా.